నిప్పుకు కొలత ఏది?

2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం తెరుచుకుంది. వెనకే ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. శంషాబాద్ నుంచి అటు కొత్తూరు దాకా, ఇటు మొయినాబాద్ దాకా పొలాల మధ్య ప్రహరీలు లేచి ఫాంహౌస్‌లు వెలిశాయి. ఈ ప్రాంతంలో దావత్ అంటే కట్టెల పొయ్యి మీద బగారా అన్నం, యాట కూర. ఇప్పుడు వాటి సరసన బొగ్గుల మీద మాంసం కాల్చే ఇనుప సరంజామా కూడా చేరింది. అందులో ఒకటి డ్రమ్ స్మోకర్. దాన్ని కొనబోయేవాళ్లు మొదట అడిగే ప్రశ్న: ఎంత సైజుది తీసుకోవాలి? అమ్మేవాళ్లు దీనికి తలల లెక్కన జవాబు చెబుతారు. ఇంతమందికైతే చిన్నది, అంతకు మించితే పెద్దది. ఎటూ తేలకపోతే పెద్దదే తీసుకోండి, ఎప్పటికైనా పనికొస్తుంది అంటారు. ఆ చివరి సలహాలో ఒక తత్వం దాగి ఉంది. మనిషి తన సొంత సామగ్రిని తన జీవితంలోని అతి పెద్ద రోజుకు సరిపడేలా సమకూర్చుకోవాలన్నది ఆ తత్వం. అది తప్పని ఈ వ్యాసం వాదిస్తుంది. ఇంట్లో ఉండే నిప్పు మామూలు రోజుకు సరిపోవాలి. పెద్ద రోజుకు కావలసిన నిప్పు పదిమందిదై ఉండాలి. నిప్పును పూజించిన సంప్రదాయాలు, నిప్పు మీద వండి పంచిన సంప్రదాయాలు చాలావరకు ఈ తేడాను గుర్తించాయి. అందుకు సాక్ష్యాలు శంషాబాద్ చుట్టుపక్కలే ఉన్నాయి.

ముందు వస్తువు సంగతి. డ్రమ్ స్మోకర్ అంటే నిలువుగా నిలబెట్టిన ఇనుప పీపా. అడుగున బొగ్గుల బుట్ట, దాని దగ్గర గాలి చొరబడే రంధ్రాలు, పైభాగంలో మాంసం పరిచే ఇనుప చట్రం, ఆపైన మూత. గాలిని కట్టడి చేస్తే బొగ్గు భగ్గుమనకుండా నిదానంగా రగులుతుంది. లోపలి వేడి 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య గంటల తరబడి నిలుస్తుంది. కరిగిన కొవ్వు బొగ్గుల మీద పడి లేచే పొగే ఆ మాంసానికి ప్రత్యేకమైన రుచి. ఎక్కువగా కనిపించే కొలత 200 లీటర్ల పైచిలుకు నూనె పీపాది. దాని అడ్డుకొలత సుమారు 57 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 88. చిన్న రకం 115 లీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అడ్డుకొలత 46, ఎత్తు 70 అనుకోవచ్చు. ఇప్పుడు చట్రం వైశాల్యం లెక్కగడితే పెద్దదానిలో దాదాపు 2,550 చదరపు సెంటీమీటర్లు, చిన్నదానిలో 1,660. చీల్చి పరిచిన కోళ్లు పెద్దదానిలో ఐదారు పడతాయి, చిన్నదానిలో మూడు నాలుగు. వేడి బయటికి పోయే ఇనుప గోడలు, మూత, అడుగు అన్నీ కలిపితే పెద్దదానిలో సుమారు 2.1 చదరపు మీటర్లు, చిన్నదానిలో 1.35. అంటే చట్రం ఏ నిష్పత్తిలో తగ్గిందో, వేడిని పోగొట్టే ఒళ్లు కూడా అదే నిష్పత్తిలో తగ్గింది. రెండు లెక్కల్లోనూ చిన్నది పెద్దదానిలో 65 శాతమే.

ఈ అంకెల నుంచి తేలేది కొంచెం ఆశ్చర్యంగానే ఉంటుంది. నిండుగా వండితే పెద్ద పీపా, చిన్న పీపా కిలో మాంసానికి దాదాపు ఒకే మోతాదులో బొగ్గు తింటాయి. చిన్నది కావడం వల్లే పొదుపు రాదు, పెద్దది కావడం వల్లే దుబారా కాదు. తేడా అంతా ఖాళీలో ఉంది. ఒక్క కోడి కోసం పెద్ద పీపా వెలిగించినా ఆ రెండు చదరపు మీటర్ల ఇనుమును వేడిగా నిలపక తప్పదు. చట్రం మీద ఎంత ఉందో గోడలు అడగవు. కాబట్టి సైజు మంచిదా చెడ్డదా అన్నది పీపాను చూసి చెప్పలేం. అది ఏడాదిలో ఎన్నిసార్లు నిండుతుందో చూసి చెప్పాలి. ఇక్కడి నుంచి ప్రశ్న లోహం చేతుల్లోంచి మనిషి చేతుల్లోకి వస్తుంది. నా మామూలు రోజు ఎలాంటిది, అరుదుగా వచ్చే రోజు ఎలాంటిది, రెండింటిలో దేన్ని కొలతగా తీసుకోవాలి? బొగ్గు ధర దీనికి జవాబు చెప్పదు. అందుకు మీమాంసకుల దగ్గరికి వెళ్లాలి.

పూర్వమీమాంస కర్మలను మూడు తరగతులు చేసింది. రోజూ చేసి తీరవలసినవి నిత్యాలు. సంధ్యావందనం, అగ్నిహోత్రం అలాంటివి. ఏదో ఒక నిమిత్తం వచ్చినప్పుడు చేయవలసినవి నైమిత్తికాలు. బిడ్డ పుట్టినప్పుడో గ్రహణం పట్టినప్పుడో చేసేవి. ఫలం కోరి చేసేవి కామ్యాలు. ఈ విభజన యజ్ఞాల కోసం పుట్టినా, ఇంట్లో ఉండే ఏ సామగ్రికైనా అన్వయిస్తుంది. రోజూ లేదా వారం వారం వాడేది నిత్యం. పెళ్లి, తొట్టెల, గృహప్రవేశం, మొక్కు చెల్లింపు నైమిత్తికం. ఏదో ఒక రోజు వందమందిని పిలుస్తాను, అప్పుడు నా పీపా చూసి అందరూ మెచ్చుకుంటారు అన్న ఊహ కామ్యం. పెద్ద పీపా కొనేవాళ్లు తరచూ నైమిత్తికాన్ని కారణంగా చెబుతారు. కొనిపించేది మాత్రం చాలాసార్లు కామ్యమే. నైమిత్తికానికి నిజంగా అవసరమైన పెద్ద పాత్రను మన సమాజం ఎన్నడూ ఇంటింటా పెట్టుకోలేదు. దాన్ని బయట ఉంచింది. అవసరమైన రోజున తెచ్చుకుంది.

అగ్నికి పాత్ర ఎంత ఉండాలన్న ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్న శాస్త్రం ఒకటి ఉంది: హోమకుండాల నిర్మాణ శాస్త్రం. అందులో ప్రసిద్ధమైన ఒక లెక్క ప్రకారం కుండం కొలత ఆహుతుల సంఖ్యను బట్టి ఉంటుంది. వేయి ఆహుతులకు ఒక హస్తం, పదివేలకు రెండు, లక్షకు నాలుగు, కోటికి ఎనిమిది. కొలత మించినా తగ్గినా దోషమేనని ఆ గ్రంథాలు హెచ్చరిస్తాయి. గమనించవలసింది పెరుగుదల తీరు. వేయి నుంచి కోటికి ఆహుతులు పదివేల రెట్లు పెరిగితే హస్తాలు పెరిగింది ఎనిమిది రెట్లే. ఆ హస్తాలను భుజం కొలతగా తీసుకున్నా కుండం వైశాల్యం 64 రెట్లు దాటదు. మిగతా పెరుగుదల ఎక్కడికి పోయింది? కాలంలోకి, చేతుల్లోకి పోయింది. ఎక్కువ ఆహుతులంటే ఎక్కువ రోజులు, ఎక్కువమంది ఋత్విక్కులు. అప్పటికీ చాలకపోతే ఒక కుండం బదులు ఐదు కుండాలు, తొమ్మిది కుండాలు. నిప్పు దగ్గర మనిషి కూర్చుని చేయి చాచి ఆహుతి వేయగలగాలి. ఆ చేతికి అందనంత పెద్ద కుండం ఇక హోమకుండం కాదు, వట్టి మంట.

దీన్ని శంషాబాద్ మండలం ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరిలో కళ్లారా చూసినవారు లక్షల్లో ఉన్నారు. చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో రామానుజుల సహస్రాబ్ది ఉత్సవాలు ఫిబ్రవరి 2 నుంచి 14 వరకు జరిగాయి. 216 అడుగుల సమతామూర్తి విగ్రహాన్ని 5న ప్రధాని ఆవిష్కరించారు. ఆ సందర్భంగా జరిగిన లక్ష్మీనారాయణ మహాయజ్ఞం కోసం యాగశాలల్లో 1,035 కుండాలు ఏర్పాటు చేశారు. 5,000 మంది ఋత్విక్కులు కూర్చున్నారు. సంకల్పం ఎంత భారీదో ఊహించవచ్చు. స్థలానికి, ధనానికి కొరత లేదు. అయినా ఒకే ఒక్క బ్రహ్మాండమైన కుండం తవ్వాలని ఎవరూ అనుకోలేదు. మనిషి కొలతకు తగిన కుండాన్నే వెయ్యికి పైగా పెంచారు. పెద్దతనం కావలసివచ్చినప్పుడు నిప్పును ఉబ్బించకుండా నిప్పుల సంఖ్యను పెంచడం యజ్ఞశాస్త్రం చూపిన దారి. పూరీ జగన్నాథుని వంటశాల కూడా ఇదే దారిలో నడుస్తుంది. వేలమందికి ప్రసాదం అందించే ఆ వంటశాలలో వండేది మట్టికుండల్లో. ఒకదాని మీద ఒకటి పేర్చిన కుండలు, వందలాది పొయ్యిలు. అంత పెద్ద క్షేత్రం కూడా వంటను మనిషి మోయగల కుండలోనే ఉంచింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ తప్పదు. నెయ్యి, సమిధలు వేసే పవిత్రాగ్నిని మాంసం కాల్చే పీపాతో ఎలా పోలుస్తారు? న్యాయమైన ప్రశ్నే. రెండింటి పవిత్రత ఒకటేనని ఈ వాదన అనదు. మాంసాహారం ధర్మమా అధర్మమా అన్న వివాదం వేరే ఉంది. ముచ్చింతల్‌లోని శ్రీవైష్ణవులు దానికిచ్చే జవాబు ఒకటి, అదే మండలంలో బోనాల నాడు యాటను కోసే ఇంటి జవాబు మరొకటి. ఇక్కడ ప్రశ్న నిప్పు మీద ఏం పెట్టాలన్నది కాదు, ఎంత నిప్పు మనదై ఉండాలన్నది. ఒక ప్రాణిని చంపి వండేచోట ఈ ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది, తేలికపడదు. మిగిలిన అన్నాన్ని పారేయడం తప్పయితే, మిగిలిన మాంసాన్ని పారేయడం రెండు తప్పులు. శాకాహారి ఈ వాదనను ఒప్పుకోవడానికి మాంసాన్ని ఒప్పుకోనక్కర్లేదు. మాంసాహారికైతే దీన్ని తప్పించుకునే వీలు లేదు.

మాంసం వండే సంప్రదాయం ఈ లెక్కను ఎలా తేల్చుకుందో చూడాలంటే శంషాబాద్ నుంచి బెంగళూరు రోడ్డు మీద కొంచెం దిగువకు, కొత్తూరు మండలంలోని ఇన్ముల్‌నర్వకు వెళ్లాలి. అక్కడి జహంగీర్ పీర్ దర్గా, జనం నోట జేపీ దర్గా, కందూర్లకు పేరు పొందింది. ముస్లింలతో పాటు హిందువులూ మొక్కుకుంటారు. మొక్కు తీరాక యాటతో, బియ్యంతో, బంధువులతో వచ్చి, అక్కడే కోసి, అక్కడే వండి, ఫాతెహా చదివించి, నలుగురితో కలిసి తిని వెళతారు. దర్గా చుట్టూ ఒకే రోజున ఎన్నో కుటుంబాల పొయ్యిలు వెలుగుతాయి. ప్రతి పొయ్యీ ఆ కుటుంబం తెచ్చిన యాటకు సరిపడేంతే ఉంటుంది. స్థలం అందరిది, పొయ్యి ఆ పూటకు వీరిది. వీరు వెళ్లాక ఆ రాళ్లే మరొకరివి. ఇంటి దగ్గర ఎప్పుడూ పెట్టుకోనవసరం లేని ఒక పెద్ద పొయ్యిని కందూరు ఆ ఒక్కరోజుకు సమకూర్చి, మళ్లీ వెనక్కి తీసుకుంటుంది. నైమిత్తికానికి ఇంతకన్నా చక్కని ఏర్పాటు ఊహించడం కష్టం.

యాట అన్నది పీపాలా కొలత చెప్పి కొనుక్కునేది కాదు. దానికి తనదైన పరిమాణం ఉంది. ఒక యాటను కోస్తే వచ్చే మాంసం చిన్న కుటుంబం ఒక పూట తినేదానికి ఎన్నో రెట్లు. ఫ్రిజ్‌లు లేని కాలంలో ఈ చిక్కును తెలంగాణ పల్లె పోగులతో విడదీసింది. దసరాకో మరో పండక్కో కొన్ని ఇళ్లు కలిసి ఒక యాటను కొని, కోసి, మాంసాన్ని సమానంగా పోగులు పెట్టి పంచుకుంటాయి. ఖుర్బానీ మాంసాన్ని మూడు పాళ్లు చేసి ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు ఇచ్చే ఆచారం కూడా ఇదే చిక్కుకు మరో పరిష్కారం. రెండింటిలోనూ ఇంటి గంజు పెరగలేదు, ఇళ్ల సంఖ్య పెరిగింది. పాత్రను పెంచిన సందర్భాలూ లేకపోలేదు. అజ్మీర్ దర్గాలో అక్బర్ సమర్పించినట్టు చెప్పే పెద్ద దేగ్, జహంగీర్ సమర్పించిన చిన్న దేగ్ ఉన్నాయి. పెద్దదానిలో వేల కిలోల వంట పడుతుందంటారు. కానీ ఆ దేగ్‌లు ఏ ఒక్క ఇంటివీ కావు. వచ్చినవారు తలా కొంత బియ్యమో డబ్బో అందులో వేస్తారు. వండినది వచ్చినవారికే పంచుతారు. చక్రవర్తి తన వంటింటికి కాకుండా దర్గాకు ఇచ్చాడన్నదే ఆ దేగ్‌లోని ధర్మం. మన ఊళ్లలో అంతటి వైభవం లేకపోయినా అదే పని టెంట్ హౌస్ చేస్తోంది. డేగ్చాలు, గంజులు, గరిటెలు, పొయ్యిలు ఒక రోజు కిరాయికి తెచ్చుకుని, తోమి తిరిగి ఇచ్చేస్తాం. ఒకే డేగ్చా ఏడాదిలో ఎన్నో ఇళ్ల పెళ్లిళ్లు చూస్తుంది. అందుకే అది ఖాళీగా ఉండే రోజులు తక్కువ.

ఉమ్మడి పాత్రను ఇంతగా పొగిడితే, దాని చరిత్ర తెలిసినవారు ఊరుకోరు. పల్లెలో ఉమ్మడి అన్నది ఎప్పుడూ అందరిదీ కాదు. ఎవరి కుండను ఎవరు ముట్టాలి, ఎవరి నిప్పు ఎవరు తీసుకోవాలి అన్నదాన్ని కులం శాసించింది. పంక్తి చివర కూర్చోబెట్టబడ్డవారికి, అసలు పంక్తిలోకే రానివ్వబడనివారికి, తమ సొంత పాత్ర, సొంత పొయ్యి ఆత్మగౌరవం. అలాంటి కుటుంబం నేడు ఫాంహౌస్‌లో పెద్ద పీపా పెట్టుకుని తన వాళ్లందర్నీ పిలిస్తే దాన్ని దుబారా అనడానికి ఎవరికి నోరొస్తుంది? ఈ అభ్యంతరంలో బలముంది. అయితే ఇది వేలెత్తి చూపేది ఉమ్మడి పాత్ర మీద పెట్టిన కాపలాను, ఉమ్మడితనాన్ని కాదు. తిరుక్కోట్టియూరులో గురువు రహస్యంగా ఇచ్చిన మంత్రాన్ని రామానుజులు గోపురమెక్కి అందరికీ వినిపించారన్న కథను సమతామూర్తిని నిలిపినవారు పదేపదే చెబుతారు. ఆ కథ నీతి మంత్రాన్ని ఎవరికి వారు కొనుక్కోమని కాదు, తలుపు తెరవమని. కిరాయి డబ్బు తీసుకుని పాత్ర ఇచ్చే టెంట్ హౌస్, మొక్కున్న ఎవరినైనా రానిచ్చే దర్గా ప్రాంగణం ఆ తలుపును కొంతమేర తెరిచాయి. ఉమ్మడి నిప్పులో లోపముంటే దాన్ని మరింత ఉమ్మడిగా చేయడమే మందు.

అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ లెక్కల నుంచి వస్తుంది. పెద్ద పీపాలో చిన్న వంట చేయవచ్చు, చిన్న పీపాలో పెద్ద వంట చేయలేం. కాబట్టి సందేహముంటే పెద్దదే తెలివైన ఎంపిక. పైగా ధరలో తేడా కూడా పెద్దగా ఉండదు. వినడానికి తిరుగులేనిదిగా ఉన్న ఈ మాట ఒక సంగతిని మరిచిపోతుంది. పెద్ద రోజు ఒంటరిగా రాదు. ఆ రోజున పిలిచిన జనం ఉంటారు, వారి చేతులుంటాయి, పక్కింటి పొయ్యి ఉంటుంది, కిరాయి పాత్ర దొరుకుతుంది. చాలని కొరతను ఆ రోజు తీర్చడానికి పదిమంది సిద్ధంగా ఉంటారు. మామూలు రోజు మిగులును తీర్చడానికి మాత్రం ఎవరూ రారు. ఖాళీ పీపాను వేడి చేసే భారం వారం వారం ఇంటివాళ్లే మోయాలి. కొరత ఏడాదికి ఒకసారి, అదీ అరువు దొరికే రోజున. మిగులు ఏడాది పొడవునా, అరువు ఇవ్వడానికి వీలు లేని రోజుల్లో. ఇలా చూస్తే తూకం చిన్నదాని వైపే మొగ్గుతుంది.

పెద్ద రోజును కొలతగా తీసుకోకపోవడం వేదాంతుల మాటే అనుకునేవారు ఎదురుగా ఉన్న విమానాశ్రయాన్ని చూడవచ్చు. 2008లో ఏడాదికి 1.2 కోట్ల ప్రయాణికుల సామర్థ్యంతో మొదలై, తర్వాత విస్తరణతో 3.4 కోట్లకు చేరింది. ఇది రైతుల భూమి మీద, కోట్లమంది రాకపోకల కోసం కట్టిన ఉమ్మడి కట్టడం. అతి పెద్ద రోజుకు సరిపోయేలా కట్టే హక్కు దేనికైనా ఉంటే దీనికే ఉండాలి. అయినా విమానాశ్రయ ఇంజనీర్లు ఏడాదిలో అత్యంత రద్దీగా ఉండే ఒక్క గంటను కొలతగా తీసుకోరు. ప్రపంచంలో బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతి ప్రకారం, రద్దీ వరసలో 30వ గంటను ప్రమాణంగా పెట్టుకుంటారు. ఆపైన ఉన్న కొద్ది గంటల్లో వరసలు పొడవవుతాయి, కొంత ఇబ్బంది తప్పదు; ఆ ఇబ్బందిని తప్పించడానికి ఏడాదంతా ఖాళీగా ఉండే గోడలు కట్టడం కన్నా దాన్ని భరించడమే మేలని వారి నిర్ణయం. మొదట 3.4 కోట్లకే ఎందుకు కట్టలేదన్నదీ ఇలాంటి ప్రశ్నే. అవసరం పెరిగాక పెంచారు. ప్రజల సొమ్ముతో ముడిపడిన కట్టడం పాటించే ఈ మితాన్ని సొంత సొమ్ముతో కొనే పీపాకు పాటించకూడదన్న నియమమేమీ లేదు.

మితం అనగానే మరో వైపు నుంచి అభ్యంతరం లేస్తుంది. ఇది లెక్కలది కాదు, మనసుది. మన సంప్రదాయం అన్నం విషయంలో పిసినారితనం నేర్పిందా? తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నాన్ని సమృద్ధిగా సమకూర్చుకోవడం వ్రతమంటుంది, ఆశ్రయం కోరి వచ్చినవారిని తిప్పి పంపవద్దంటుంది. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా చూడకుండా వచ్చినవారికల్లా వండి పెట్టి పేరు తెచ్చుకుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. సీతమ్మ తన గుండిగను ముగ్గురికే సరిపోయేంతగా ఎంచుకుని ఉంటే మనకు ఆమె పేరే తెలిసేది కాదు. నిజమే. కానీ సీతమ్మ ఉదాహరణ ఈ వాదనను బలపరుస్తుంది. ఆమెకు పదులమందికి వండడం నైమిత్తికం కాదు, నిత్యం. ఆమె గుండిగ రోజూ నిండేది, రోజూ ఖాళీ అయ్యేది. కొలత నిత్యానికి ఉండాలన్నప్పుడు ఆ నిత్యం ఎంత విశాలంగా ఉండాలో ఎవరూ గీత గీయలేదు. అంతేకాదు, గృహస్థుడి నిత్యంలోనే అతిథి ఉన్నాడు. ధర్మశాస్త్రాలు చెప్పిన పంచమహాయజ్ఞాల్లో మనుష్యయజ్ఞం ఒకటి. అంటే చెప్పకుండా వచ్చినవాడి ముద్ద కూడా రోజువారీ లెక్కలోదే. తన కోసం మాత్రమే వండుకునేవాడు తినేది పాపమేనని గీత మూడో అధ్యాయం హెచ్చరించింది కూడా ఈ నిత్యం గురించే. కాబట్టి పీపా కొలత ఇంటి మనుషులతో ఆగకూడదు. ఇంటి మనుషులు, వారి మీద ఇద్దరు ముగ్గురు. సమృద్ధి అంటే ఆ ఇద్దరు ముగ్గురికి ఎప్పుడూ చోటుండడం. ఎన్నడూ రాని వందమందికి చోటుండడాన్ని సమృద్ధి అనలేం.

అదే ముచ్చింతల్‌లో 216 అడుగుల విగ్రహం నిలిపారు కదా, అక్కడ మితం ఏమైంది అని అడగవచ్చు. విగ్రహం ఎత్తు మీద భక్తుల్లోనే భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. వాదన వరకు చూస్తే రెండు తేడాలున్నాయి. విగ్రహం చూడడానికి, ఒకరు చూసినంత మాత్రాన మరొకరికి తరగదు, చూసేవారు తక్కువైన రోజున అది కుళ్లిపోదు. నిప్పు, అన్నం తరిగిపోయేవి. వాడని భాగం ఆ రోజే వృథా. రెండోది, అది బహిరంగ కట్టడం. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో ఘనమైన ఖర్చును ఒక సుగుణంగానే లెక్కించాడు. అయితే ఆ ఖర్చు దేవుళ్లకో నగరానికో చేసే పెద్ద పనులకు తగినదన్నాడు. మిత్రమండలి విందును పెళ్లి విందు స్థాయిలో చేసేవాణ్ణి మాత్రం డాంబికుడిగా లెక్కగట్టాడు. ఏథెన్స్ మనిషికి, మన ఫాంహౌస్ యజమానికి మధ్య ఇరవై మూడు శతాబ్దాలు గడిచినా ఆ గీత చెరగలేదు. వైభవం ఉండవలసిన చోటు పదిమంది చోటు.

మిగిలింది కామ్యం. పెద్ద పాత్ర అక్కడే ఊరికే ఉండదు, నింపమని అడుగుతుంది. ఐదుగురి వంటకు పెద్ద చట్రం సగం ఖాళీగా కనబడితే చేయి ఇంకొంచెం మాంసం పెడుతుంది; పెట్టినది మిగులుతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోదే, హోటళ్లది కాదు. వృథా అంతటికీ పాత్రల సైజే కారణమని చెప్పలేం. కానీ పాత్ర కోరికను పెంచుతుందని పాతకాలం వారికి తెలుసు. బౌద్ధ వినయం భిక్షువు పాత్రకు పెద్ద, మధ్యమ, చిన్న అని మూడు కొలతలు ఒప్పుకుంది. అదనపు పాత్రను పది రోజులకు మించి దగ్గర ఉంచుకోవడాన్ని దోషంగా చెప్పింది. మూడు సైజులూ ఒప్పుకోవడం గమనార్హం. పెద్ద పాత్ర తప్పు కాదు, వాడకుండా దాచుకున్న పాత్ర తప్పు. బుద్ధుడి పాత్రను దేవతలు ఊరేగించుకుపోయే దృశ్యాన్ని అమరావతి శిల్పులు రాతిలో మలిచారు. ఆ శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఊరేగింపుకు నోచుకున్నది ఒక భిక్షాపాత్ర. మహాభారతంలో సూర్యుడు ధర్మరాజుకిచ్చిన అక్షయపాత్రకు కూడా హద్దు ఉంది: ద్రౌపది భోజనం చేసేదాకే అది వడ్డిస్తుంది. అంటే అందరికీ పెట్టి చివర తినే మనిషి దాని కొలత. అడవిలో పాండవుల వద్ద చేరిన బ్రాహ్మణులకు రోజూ పెట్టవలసి వచ్చింది కాబట్టే ఆ పాత్ర వచ్చింది. అక్కడ కూడా నిత్యమే నిమిత్తం.

ఈ వాదనను ఆచరణలో పెడితే జవాబు ఇలా ఉంటుంది. నలుగురైదుగురున్న ఇంటికి, వారాంతాల్లో వచ్చే ఇద్దరు ముగ్గురితో కలిపి, 46 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న చిన్న పీపా చాలు. మాంసాన్ని కొక్కేలకు వేలాడదీస్తే చట్రం మీద పట్టేదానికన్నా ఎక్కువే పడుతుంది. ఉమ్మడి కుటుంబమై వారం వారం పదిహేను ఇరవై మంది కూర్చునే ఇల్లయితే పెద్ద పీపా సరైనదే. అక్కడ చిన్నది కొనడం పొదుపు కాదు, ఒకే వంటను రెండుసార్లు వండుకోవడం. ఏడాదికి ఒకటి రెండు దావత్‌లకు యాభై మంది వస్తారనుకుంటే, దానికోసం దేన్నీ కొనకూడదు. పక్కవాళ్ల పీపాతో కలిపి రెండు వెలిగించాలి, లేదా వండేవారిని పిలిపించి కిరాయి గంజుల్లో వండించాలి. గేటెడ్ కాలనీలకు, ఫాంహౌస్ సముదాయాలకు ఇంకా మంచి దారి ఉంది: క్లబ్‌హౌస్‌లో ఉమ్మడిగా ఒక పెద్ద పీపా, వాడుకున్నవారు బొగ్గు తెచ్చుకుని, శుభ్రం చేసి పెట్టే నియమం. ఇరవై ఇళ్లలో ఇరవై పెద్ద పీపాలు తుప్పు పట్టడం కన్నా ఒక పీపా ఇరవై ఇళ్ల మధ్య అరిగిపోవడం మేలు.

నిప్పును సొంతం చేసుకోవడంలో మనిషికి పూర్వం ఒక బెరుకు ఉండేది. గృహస్థుడు తన అగ్నిని రోజూ సేవించాలి. ఆరిపోతే ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. తాను రోజూ సేవించగలిగినంత అగ్నినే ఇంట్లో ఉంచుకోవాలన్న ఇంగితం ఆ నియమంలో ఉంది. ఇనుప పీపాకు ప్రాయశ్చిత్తం అక్కర్లేదు. అది ఆరితే ఆరుతుంది. అయినా ఆ ఇంగితం మాత్రం పాతబడలేదు. కొనేముందు ఎంతమందికి సరిపోతుందని అడగడం మానేసి, నెలలో ఎన్నిసార్లు నిండుతుందని అడిగితే చాలు. ఆ ప్రశ్నకు నిజాయితీగా వచ్చే జవాబు దగ్గర మన సొంత నిప్పు ఆగిపోవాలి. అంతకు మించిన విందు మన జీవితంలోకి తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. వచ్చిన రోజున అది మన ఒక్కరి పొయ్యి మీద వండేది కాదని ఒప్పుకోవడమే ఆ విందుకు మనం ఇవ్వగలిగిన గౌరవం.